వణుకు వెనుక నొప్పి

మా తాతగారి చేతి వణుకును ఊరంతా చూసింది. ఆయన నొప్పిని మాత్రం ఇంట్లోవాళ్ళమే చూడలేకపోయాము. వేకువజామున కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఆయన మూలుగుతూంటే, వాతమని సరిపెట్టుకొని ఆముదం రాసేవాళ్ళము. ఆ తప్పు తెలిసిన తరువాతే ఈ వ్యాధి చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను వర్ణిస్తూ 66 పుటల చిన్న పుస్తకం ప్రచురించారు. భుజం నుండి వేళ్ళదాకా పాకి నిద్రను చెరచిన వాతనొప్పి ప్రస్తావన కూడా అందులో ఉన్నది. కానీ లోకానికి వణుకే గుర్తుండిపోయింది.

ఆ వ్యాధికి పార్కిన్సన్ పేరును స్థిరపరచిన ఫ్రెంచి వైద్యుడు షార్కో, రోగుల మాట చెవిన పెట్టారు. రైలులోనో గుర్రపుబండిలోనో దూరప్రయాణం చేసి వచ్చినప్పుడు బాధలు తగ్గుతున్నాయని వాళ్ళు చెప్పగా, అదేవిధంగా కుదిపే కుర్చీని చేయించి, 1892లో దాని గురించి ఉపన్యసించారు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ కుదుపు వలన ప్రత్యేక ప్రయోజనం రుజువు కాలేదు. అయినా, రోగి చెప్పినదాన్ని విని వైద్యం వెదకిన ఆ పద్ధతి నాకు గొప్పగా తోచింది.

అసలు మందు కథలో మన ప్రాంతానికీ చోటున్నది. దూలగొండి గింజలలో లెవోడోపా ఉన్నదని 1937లో మద్రాసు శాస్త్రజ్ఞులు దామోదరన్, రామస్వామి వెల్లడించారు. అది పార్కిన్సన్ వ్యాధికి మందుగా నిలదొక్కుకోవడానికి 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులతో చేసిన ప్రయోగాల దాకా ఆగవలసివచ్చింది.

ఆ మందు ప్రభావం రాత్రికి తరిగిపోతే, తెల్లవారేసరికి కండరాలు బిగిసి పాదం మెలి తిరుగుతుంది. అటువంటి నొప్పికి తైలం కన్న మాత్ర వేసుకునే వేళను సరిదిద్దడమే ముఖ్యం. కీళ్ళ బిగువుకైతే వ్యాయామం, నరాల నొప్పికైతే వేరే మందు. అందుకే వైద్యులు ముందుగా నొప్పి ఏ జాతిదో విచారిస్తారు. ఈ వ్యాధిలోని నొప్పులను కొలవడానికే ప్రత్యేకించిన కొలమానం 2015లో గాని రాలేదు. పార్కిన్సన్ పుస్తకానికీ దానికీ మధ్య దాదాపు రెండు శతాబ్దాలు!

మా తాతగారిని, "నొప్పి ఏ వేళకు వస్తుందండీ?" అని ఒక వైద్యుడు మొట్టమొదటిసారి అడిగారు. రాత్రి మాత్ర మార్చారు. చివరి రెండేళ్ళు ఆయన వేకువన మూలగలేదు.

అంతకుముందు గడచిన ఆరేళ్ళ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా చేయి వణుకుతూంటే, నొప్పి ఉన్నదా అని కూడా అడగండి. ఏ వేళకో తప్పక అడగండి.