కవ్వం పట్టని కాలువ

మిస్సిసాగాలో క్రెడిట్ నది ఒడ్డున టొరంటో విశ్వవిద్యాలయపు శాఖ ఒకటి ఉన్నది. 1967లో ఎరిండేల్ కళాశాలగా మొదలైన ఆ ప్రాంగణంలో రసాయన శాస్త్రజ్ఞుడు ఉల్రిక్ క్రల్ డీఎన్ఏ పోగులను గుర్తించే సాధనాల మీద చిరకాలం కృషి చేశారు. ఆ సాధనాలకు అడ్డుతగిలిన చిక్కు వినడానికి అల్పమైనది. నమూనాలోని పోగు, పలక మీద కాచుకొని ఉన్న తన జతపోగును ఎంతసేపటికి చేరుతుంది? ద్రవం కదలకుంటే గంటలు పట్టవచ్చు. రోగనిర్ణయం కోసం ఎదురుచూసేవారికి ఆ గంటలు చిన్నవి కావు.

కలిపితే సరిపోదా అనిపిస్తుంది. వెంట్రుక మందపు కాలువలో కవ్వం ఆడదు. ఆడినా వెన్న రాదు. 1883లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజుగొట్టంలో రంగునీటి చారను పంపి, వేగం ఒక హద్దు దాటితే గాని అది చెదరదని చూపాడు. సన్నని కాలువలో ఆ హద్దు అందదు. రెండు ద్రవాలు పలకరింపు లేని ఇరుగుపొరుగుల్లా పక్కపక్కనే సాగిపోతాయి. 1960లలో జి. ఐ. టేలర్ చిత్రీకరించిన ప్రయోగం మరీ వింతైనది. రెండు స్తూపాల నడుమ చిక్కని గ్లిసరిన్‌లో రంగు వేసి లోపలి స్తూపాన్ని తిప్పితే రంగు చెదిరిపోయింది. అన్ని చుట్లే వెనక్కు తిప్పితే తిరిగి ప్రత్యక్షమయింది. తాడుతో అటూ ఇటూ లాగే మన కవ్వం అటువంటి లోకంలో చిలికినదంతా తానే విప్పుకుంటుంది.

విద్యుత్తు ఈ కథలోకి చాలా ముందే వచ్చింది. 1809లో మాస్కో ఆచార్యుడు రాయిస్ తడి బంకమట్టిలో రెండు నీటిగొట్టాలు గుచ్చి విద్యుత్తు పంపాడు. ఋణధ్రువం వైపు నీటిమట్టం పెరిగింది. గోడనంటిన ఆవేశపు పొరే నీటిని లాగుతున్నదని 1879లో హెల్మ్‌హోల్ట్జ్ సిద్ధాంతీకరించాడు.

అయితే గోడ అంతటా ఆవేశం సమంగా ఉంటే ప్రవాహం గీత గీసినట్టు సాగుతుంది. నడపడానికి అది వరం, కలపడానికి శాపం. టొరంటోలో డేవిడ్ ఎరిక్సన్, డాంగ్‌చింగ్ లీ 2002లో ఆ క్రమాన్ని భంగపరచే ఉపాయం లెక్కగట్టారు. గోడమీద అక్కడక్కడ విరుద్ధావేశపు మచ్చలు పెడితే అక్కడ నీరు ఎదురుతిరిగి సుళ్ళు కడుతుంది. 2004లో బిడ్డిస్‌తో కలిసి ప్రయోగానికి పెట్టారు. సెంటీమీటరుకు 280 వోల్టుల క్షేత్రంలో, నూటికి 95 పాళ్ళు కలవడానికి కావలసిన కాలువ 22 మిల్లీమీటర్ల నుంచి 7కు తగ్గింది. గోడలోని లోపాన్నే పనిముట్టుగా మలచిన ఈ ఘట్టమే ఈ చరిత్రలో అందమైనది. అదే ఏడు వెలువడిన లీ గ్రంథం ‘ఎలక్ట్రోకైనెటిక్స్ ఇన్ మైక్రోఫ్లూయిడిక్స్’ సమీకరణాలకు జంకనివారికే లొంగుతుంది.

ఎరిక్సన్, లియు, లీలతో కలిసి క్రల్ 2004లోనే మరో దారి తొక్కారు. చిలకడం కాదు, చెంతకే తోలడం. నానోలీటర్ల నమూనాను విద్యుత్తుతో జతపోగుల దగ్గరకు నడిపి, అనవసరంగా అంటుకున్నదాన్ని కడిగివేసి, గుర్తించడం దాకా అయిదు నిమిషాలలో ముగించగలిగారు.

అప్పటికే డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫిల్ పైక్, వంశీ పాముల, రిచర్డ్ ఫెయిర్ కాలువనే వదిలేసి, ఎలక్ట్రోడుల మీద చుక్కలను నడిపి కలుపుతున్నారు. నిమిషానికి పైగా పట్టే పని కొద్ది సెకన్లకు దిగింది. ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ నడిపితే కలిసినది విడిపోతుందని గ్రహించి, చుక్కను చుట్టూ తిప్పారు. ఆ చుక్కల విద్య మీదనే నిర్మించిన పాముల సంస్థ బేబీస్ వారి యంత్రానికి 2017లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. నవజాత శిశువు మడమ నుంచి తీసి ఆరబెట్టిన నెత్తుటి మరకలో నాలుగు అరుదైన జన్యువ్యాధుల జాడను అది వెదకుతుంది.