రాళ్ల నగలు: పావగడ, పెనుకొండ సీమ

రాళ్ల నగలంటే రంగురాళ్లు పొదిగి, పూల, పిందెల, పక్షుల రూపాల్లో మలిచే బంగారు ఆభరణాలు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చాలావైపుల ఆంధ్రప్రదేశే సరిహద్దు. అక్కడ ఎన్నో ఇళ్లలో మాట తెలుగే. కాబట్టి ఈ తాలూకా నగల కథను సరిహద్దు అవతలి మడకశిర, హిందూపురం, పెనుకొండల నుంచి విడదీసి చెప్పలేం.

ఇక్కడి పాత ఆధారాలు ఎక్కువగా గుళ్లలోనే కనిపిస్తాయి. పొరుగున ఉన్న హేమావతి, అంటే నొలంబ రాజుల హెంజేరు, శిల్పాల్లో హారాలూ మొలనూళ్లూ పూసపూసా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. 16వ శతాబ్దపు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో నగలకు రంగు కూడా చేరింది.

రాళ్ల నగల వైభవం విజయనగర కాలానిది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమల వేంకటేశ్వరునికి నవరత్న కిరీటం సమర్పించాడు. 1520 ప్రాంతంలో రాజధానిని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, మహానవమి ఊరేగింపులో అంతఃపుర స్త్రీలు నగల బరువు మోయలేకపోతుంటే పక్కవాళ్లు చేతులు పట్టుకుని నడిపించారని రాశాడు.

వజ్రాలు మాత్రం ఈ సీమవే. అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో తొలకరి పడితే జనం ఇప్పటికీ వజ్రాల కోసం వెతుకుతారు. కెంపులు అలా కాదు; బర్మాలోని పెగూ నుంచి ఓడల్లో పులికాట్ రేవుకు దిగేవి. రాయి పరాయిదైనా రూపం మాత్రం మన పెరటిదే. మామిడిపిందెల హారం, చామంతి బిళ్ల, జడ పొడవునా మొగలిరేకులు, తల మీద పడగవిప్పిన నాగరం, సూర్యుడు, చంద్రవంక, చిలకలు, హంసలు. చినుకు కోసం ఎదురుచూసే మెట్టసీమలో పెళ్లికూతురి ఒంటి మీద ఇంత పచ్చదనం కూర్చడం కేవలం అలంకారం కాదనిపిస్తుంది.

పాత పనితనంలో రాయికి కోణాలు తీయరు, నున్నగా సానపడతారు. వెనక తళుకు రేకు పెట్టి, గూడులో కూర్చి, చుట్టూ మెత్తని మేలిమి బంగారం అదుముతారు. కొన్ని నగల్లో లోపల లక్క నింపుతారు. ఎరుపంతా కెంపే అనుకోకూడదు. పాత నగల్లో ఎర్రని స్పినెల్ రాళ్లూ ఉంటాయి.

1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నుయ్ కొలిమిలో కృత్రిమ కెంపు తయారీని ప్రకటించాడు. ఫ్యాషన్ల కంటే ఈ నగలను ఎక్కువగా మార్చింది ఆ కొలిమే. యంత్రపు రాయితో గుడి దేవతలకూ నాట్యకత్తెలకూ చౌకగా నగలు కుదిరాయి. గుడి నగల్లో పేరున్న తమిళనాడులోని నాగర్‌కోయిల్ ఆలయ నగలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కంసాలికి అసలు దెబ్బ 1963లో తగిలింది. బంగారం నియంత్రణ నిబంధనలు కొత్త నగలు 14 క్యారెట్లు మించకూడదన్నాయి. మేలిమి లేకుండా పొదుగుడు పని సాగదు. ఎందరో వృత్తి వదిలేశారు. తర్వాత ఆ హద్దు తొలగినా, 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా నిలిచింది.

ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు డిజైనర్ దుకాణాలు అవే పిందెలనూ హంసలనూ మొజాంబిక్ కెంపులతో, జాంబియా పచ్చలతో మళ్లీ అమ్ముతున్నాయి. 2021 జూన్‌లో హాల్‌మార్కు తప్పనిసరైనప్పుడు రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు నగలను మినహాయించారు. అలాంటివి కొనేటప్పుడు బంగారం, రాళ్ల బరువులు బిల్లులో విడివిడిగా రాయించుకోవాలి.