కలివికోడి, జెర్డన్ దొర
నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొరకు పక్షులంటే ప్రాణం. 1843-47 నడుమ మద్రాసులో ఆయన యాభై చిత్రఫలకాలతో పక్షుల గ్రంథం వెలువరించాడు. బొమ్మలు చాలావరకు మన దేశపు చిత్రకారులు గీసినవే. పేరు మాత్రం దొరది! ఆయన సేకరించిన పక్షుల్లో ఒకదానిని 1848లో బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అదే మన కలివికోడి. ఆంగ్లంలో అదీ దొర పేరిటే చెలామణీ అవుతోంది.

1900 తరువాత అది పండితుల కంట పడలేదు. ఇక అంతరించినట్టేనని తలచారు. కడప జిల్లాలో పొదల వెంట తిరిగే వేటగాళ్లకు మాత్రం దాని పేరూ తీరూ తెలుసు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర అటువంటి వేటగాడొకడే రాత్రివేళ దీపపు వెలుగులో దానిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. పాపం, ఆ పక్షి ఎంతోకాలం బతకలేదు. దాని కోసం లంకమల అభయారణ్యం వెలసింది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదికే రాగా, దాని దారి మళ్లించవలసి వచ్చింది.