ఆల్కహాల్ పోయింది, అంకె మిగిలింది

తద్దినం నాడు పిల్లిని వెతికిన కథ మనందరికీ తెలుసు. తాతగారు తద్దినం పెడుతుంటే ఇంట్లో పిల్లి పాలగిన్నె చుట్టూ తిరుగుతోందని దాన్ని బుట్ట కింద మూసిపెట్టారు. కొడుకు కాలానికి పిల్లి పోయింది. కానీ తద్దినం అంటే బుట్ట కింద పిల్లి ఉండాలన్న నియమం మిగిలింది. పాపం ఆయన ఊరంతా తిరిగి పిల్లిని పట్టుకొచ్చాడు. ఈ కథని మనం ఆచారాల మీద విసరడానికే వాడుకుంటాం. యంత్రాల దగ్గర ఇలాంటివి జరగవని, అక్కడ అంతా లెక్క ప్రకారమే నడుస్తుందని ఒక నమ్మకం. కారు ఇంజన్లో కూడా అలాంటి పిల్లి ఒకటి ఉంది. దాని పేరు నూట అరవై.

అంటే 160 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 71 సెల్సియస్. అమెరికా ఉత్తరాదిన పాత కార్ల మీద మోజున్నవాళ్ళని కదిపితే ఈ అంకె తప్పకుండా వినపడుతుంది. "నూట అరవై థర్మోస్టాట్ వేసుకో. ఇంజన్ చల్లగా ఉంటుంది, ఎక్కువకాలం బతుకుతుంది." ఇక్కడ మిషిగన్‌లో జనవరి చలిలో నిలబడి కూడా ఈ మాట చెప్పేవాళ్ళని చూశాను. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు ఇంజన్‌ని ఇంకా చల్లగా ఉంచుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు ఇంజినీరింగ్ పుస్తకం కంటే చరిత్రలో బాగా దొరుకుతుంది.

ముందు థర్మోస్టాట్ ఏం చేస్తుందో చూద్దాం. ఇంజన్ నుంచి రేడియేటర్‌కి నీళ్ళు వెళ్ళే దారిలో కూర్చున్న చిన్న తలుపు అది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది. నీళ్ళు ఇంజన్లోనే తిరుగుతూ త్వరగా వేడెక్కుతాయి. తన మీద రాసి ఉన్న వేడికి రాగానే తెరుచుకోవడం మొదలుపెడుతుంది, మరికొన్ని డిగ్రీలకి పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ తర్వాత దాని చేతిలో ఏమీ లేదు. రేడియేటర్ ఎంత పెద్దది, ఫ్యాన్ ఎంత గాలి లాగుతోంది, బయట ఎండ ఎంత అన్నదే లెక్క. అంటే థర్మోస్టాట్ పెట్టేది కింది హద్దు, పై హద్దు కాదు. మండుటెండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 71 దానితోనైనా, 91 దానితోనైనా ఇంజన్ చివరికి దాదాపు ఒకే వేడికి చేరవచ్చు. ఆ రెండింటికీ అసలు తేడా తెలిసేది చలిలోనే. మైనస్ ఇరవైలో 71 థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ ఆ చుట్టుపక్కలే ఉండిపోతుంది, ఎంత దూరం నడిపినా.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో థర్మోస్టాట్ లేదు. మొదటి కొన్ని వేల బళ్ళు పోతే నీళ్ళ పంపు కూడా లేదు. వేడినీళ్ళు పైకి లేస్తాయి, చల్లబడ్డవి కిందికి దిగుతాయి అన్న సూత్రం మీదే మొత్తం నడిచేది. చలికాలం వస్తే డ్రైవర్లు రేడియేటర్ ముందు దుప్పటో అట్టముక్కో కట్టేవాళ్ళు. అంటే ఆ రోజుల్లో థర్మోస్టాట్ మనిషే. రాత్రి కారు ఆపాక నీళ్ళన్నీ వంచేసి, పొద్దున్నే మళ్ళీ పోసుకోవడం మామూలు సంగతి. నీళ్ళు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి పోత ఇనుముతో చేసిన ఇంజన్ బ్లాకు నిలువునా చీలుతుంది. బద్ధకించిన ఒక్క రాత్రికి మూల్యం ఒక ఇంజన్ అన్నమాట.

దీనికి విరుగుడుగా జనం చేయని ప్రయోగం లేదు. కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలిపారు, అది లోహాన్ని తినేసింది. గ్లిజరిన్ పోశారు, కిరోసిన్ పోశారు, ఆఖరికి తేనె కూడా పోశారు. వీటన్నిట్లో నిలబడింది ఆల్కహాల్: కర్ర నుంచి తీసే మిథనాల్, ధాన్యం నుంచి తీసే ఇథనాల్. చవక, ఎక్కడైనా దొరికేది, నీళ్ళలో చక్కగా కలిసేది.

ఒక్కటే ఇబ్బంది. మిథనాల్ 65 డిగ్రీల సెల్సియస్‌కి మరుగుతుంది, ఇథనాల్ 78కి. నీళ్ళలో కలిపితే మరిగే వేడి కాస్త పెరుగుతుంది గానీ, ఇంజన్ బాగా వేడెక్కితే ముందు ఆవిరైపోయేది ఆల్కహాలే. రేడియేటర్‌లో మిగిలేది నీళ్ళు. మధ్యాహ్నం కొండ ఎక్కేటప్పుడు ఆవిరైపోయిన ఆల్కహాల్ సంగతి అర్ధరాత్రి బ్లాకు చీలినప్పుడు గానీ తెలిసేది కాదు. కాబట్టి ఆల్కహాల్ పోసుకున్నవాడు ఇంజన్‌ని గోరువెచ్చగానే ఉంచుకోవాలి. మన నూట అరవై పుట్టింది ఇక్కడే. చలికాలంలో తక్కువ వేడి థర్మోస్టాట్ అనేది అప్పుడు మూఢనమ్మకం కాదు, రసాయనశాస్త్రం. బుట్ట కింద నిజంగానే పిల్లి ఉంది.

థర్మోస్టాట్ కారులోకి రావడం కూడా ఈ కాలంలోనే. 1914లో కాడిలాక్ తన వి8 ఇంజన్‌కి దాన్ని తగిలించింది. తొలినాటి థర్మోస్టాట్లలో ఎక్కువ భాగం ఇత్తడి తిత్తులు. లోపల తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం ఉండేది. అది వేడెక్కితే తిత్తి సాగి తలుపు తెరిచేది.

1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ మార్కెట్లోకి వచ్చింది. సగం గ్లైకాల్, సగం నీళ్ళు కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మామూలు ఒత్తిడిలో 107 దగ్గర గానీ మరగదు. పైగా గ్లైకాల్ సులువుగా ఆవిరైపోదు, అందుకే దానికి పర్మనెంట్ యాంటీఫ్రీజ్ అని పేరొచ్చింది. సాంకేతికంగా చూస్తే కథ ఇక్కడితో అయిపోవాలి, ఆల్కహాల్‌తో పాటు నూట అరవై కూడా వెళ్ళిపోవాలి. వెళ్ళిపోలేదు, ఎందుకంటే గ్లైకాల్ ఖరీదు. డబ్బున్నవాడు ప్రెస్టోన్ పోసుకున్నాడు, లేనివాడు ఆల్కహాల్‌తోనే సర్దుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి మెర్లిన్, అలిసన్ లాంటి విమాన ఇంజన్లకి గ్లైకాల్ కావాల్సి వచ్చింది. సామాన్యుడికి ఆల్కహాల్ మరికొన్నేళ్ళు తప్పలేదు.

ఆ రోజుల్లో ఎక్కువ వేడి థర్మోస్టాట్ వేస్తే ఆల్కహాల్ పొయ్యొద్దని, ఆల్కహాల్ పోస్తే తక్కువ వేడిదే వెయ్యమని సర్వీసు మాన్యువల్స్ చెప్పేవి. ఆ వాక్యంలో నియమం, కారణం పక్కపక్కనే ఉన్నాయి. తర్వాతి తరానికి నియమం అందింది, కారణం దారిలో జారిపోయింది.

గ్లైకాల్ గెలుస్తున్న కాలంలోనే మిగతా భాగాలూ మారాయి. 1930ల్లో సెర్జియస్ వెర్నే మైనంతో పనిచేసే థర్మోస్టాట్ తయారుచేశాడు. గట్టిగా మూసిన చిన్న గిన్నెలో మైనం ఉంటుంది. అది కరిగేటప్పుడు ఉబ్బి ఒక కడ్డీని బయటికి తోస్తుంది. చూడటానికి ఇంతే, కానీ దీనికొక పెద్ద గుణం ఉంది. పాత ఇత్తడి తిత్తి చుట్టూ ఉన్న నీళ్ళ ఒత్తిడికి లొంగేది, మైనం లొంగదు. ఒత్తిడి పెట్టిన రేడియేటర్ మూతలు మామూలైపోయాక ఈ గుణమే దాన్ని గెలిపించింది. చదరపు అంగుళానికి ఒక్కో పౌండు ఒత్తిడికి మరిగే వేడి సుమారు మూడు డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. ఇక ఇంజన్ వేడిగా నడవడానికి అడ్డేం లేదు.

వేడిగా నడవాల్సిన అవసరం కూడా అప్పుడే బయటపడింది. 1930ల్లో బ్రిటన్‌లో సి. జి. విలియమ్స్ సిలిండర్ల అరుగుదల మీద పరిశోధనలు చేశాడు. రాపిడి వల్లే ఇంజన్ అరుగుతుందని అందరూ అనుకుంటున్న రోజులవి. చల్లటి సిలిండర్ గోడల మీద చేరే తేమ, ఆమ్లాలు లోహాన్ని తినేస్తున్నాయని ఆయన చూపించాడు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం పొగగొట్టం గుండా పోతుంది. ఇంజన్ చల్లగా ఉంటే కొంత గోడల మీద చెమ్మగా చేరి, పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. కాలని పెట్రోలు కూడా దాని వెంటే దిగుతుంది. ఆయిల్ బాగా కాగితే ఇవి ఆవిరై బయటికి పోతాయి. కాగకపోతే అక్కడే ఉండి బురద కడతాయి. చలిదేశాల్లో చిన్నచిన్న దూరాలు తిరిగే కార్లలో ఆయిల్ మూత విప్పితే కనపడే తెల్లటి మీగడ అదే. ఇంజన్ ఎక్కువకాలం బతకాలంటే చల్లగా ఉంచాలన్న మాట ఇలా తిరగబడింది.

ఆ తర్వాత లాస్ ఏంజెలిస్ పొగమంచు వచ్చింది. కాలని పెట్రోలు ఆవిర్లు ఎండలో రసాయనచర్య జరిగి కళ్ళు మండించే పొగగా మారతాయని ఆరీ హాగెన్-స్మిట్ తేల్చాడు. చల్లటి గోడ దగ్గర మంట ఆరిపోతుంది, అక్కడ పెట్రోలు కాలకుండా మిగులుతుంది. 1966లో కాలిఫోర్నియా, 1968లో మొత్తం అమెరికా పొగకి హద్దులు పెట్టాక 190-195 ఫారెన్‌హీట్ థర్మోస్టాట్లు, అంటే 88-91 సెల్సియస్‌వి, మామూలైపోయాయి. ఇప్పుడైతే కారులోని కంప్యూటరే చూస్తుంటుంది. నీళ్ళు అనుకున్న వేడికి రాకపోతే పి0128 అనే కోడ్ పడేసి, డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగిస్తుంది.

మరి నూట అరవై ఇంకా ఎలా బతికుంది? కొత్త కారణం దొరికింది కాబట్టి. రేసుల కోసం ఇంజన్లు మార్చుకునేవాళ్ళకి చల్లటి ఇంజన్ వల్ల నిజంగానే కొంత లాభం ఉంది. ఇంజన్ కొట్టుకోవడం తగ్గుతుంది, లోపలికి వెళ్ళే గాలి కాస్త చిక్కగా ఉంటుంది. వేసవిలో, రేసు ట్రాక్ మీద, పావు మైలు పరుగులో ఇది పనికొచ్చే లెక్కే. కానీ ఆ మాట ట్రాక్ దాటి వీధిలోకి, వేసవి దాటి జనవరిలోకి వచ్చేసింది. అప్పటికే తాతల నాటి జ్ఞాపకం ఒకటి అక్కడ కూర్చుని ఉంది, చలికాలం నూట అరవై వాడాలని. వేర్వేరు కారణాలున్న రెండు మాటలు కలిసి కారణం అక్కర్లేని ఒకే సలహా అయ్యాయి.

దీనికి మన వైపు ఒక అద్దం ఉంది. మా మావయ్య అంబాసిడర్‌లో థర్మోస్టాటే ఉండేది కాదు. "మన ఎండలకి ఇది దేనికండీ" అని మెకానిక్ పీకేశాడు. నిజానికి తోసెయ్యదగ్గ మాట కాదది. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన కారు, గుంటూరు ఎండ, తలుపు మూసుకున్నప్పుడు బిగుసుకుపోయి మొరాయించే థర్మోస్టాట్. వీటి మధ్య ఆ మెకానిక్ తేల్చుకున్న లెక్కకి అర్థం ఉంది. కానీ గుంటూరులో కూడా డిసెంబరు పొద్దు ఉంటుంది, పక్కవీధి దాకా వెళ్ళొచ్చే ప్రయాణాలూ ఉంటాయి. అదే అలవాటు ఉద్యోగంతో పాటు విమానమెక్కి మినెసోటాలో దిగితే, కారులో హీటర్ వెయ్యగానే చల్లగాలి కొడుతుంది. వెనక సీట్లో పసిపిల్ల ఉంటే ఇది చర్చించుకునే విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు ఇలాంటి అంకెలు రోజూ కనపడతాయి. పదిహేనేళ్ళ కిందట ఎవరో రాసిన కోడ్‌లో ముప్ఫై అని ఉంటుంది, ఎందుకు ముప్ఫైయో రాసి ఉండదు. తీసేస్తే ఏమవుతుందో అని భయం, ఉంచితే అర్థంలేని బరువు. ఆ భయం అనవసరం కాదు. ఎందుకంటే మొదట ఆ అంకె పెట్టినవాడికి ఏదో ఒక రాత్రి, ఏదో ఒక బ్లాకు చీలి ఉంటుంది.

అందుకే పిల్లి కథలో కొడుకుని చూసి నవ్వే ముందు నాకు తాతగారు గుర్తొస్తారు. ఆయన దగ్గర నిజంగా పిల్లి ఉంది. 1925లో నూట అరవై వాడినవాడు తెలివైనవాడు. 1945లో వాడినవాడు డబ్బులేనివాడో, యుద్ధంలో గ్లైకాల్ దొరకనివాడో. ఇవాళ మైనస్ ఇరవైలో అదే వాడేవాడి రేడియేటర్‌లో ఆల్కహాల్ లేదు. థర్మోస్టాట్ అంచు మీద అంకె చెక్కి ఉంటుంది గానీ, అది ఏ ద్రవం కోసమో చెక్కి ఉండదు. అది మనమే అడగాలి.