కుజగ్రహముపై విమానయానము



మనము పంచాంగమున కుజుడనియు అంగారకుడనియు చెప్పుకొను గ్రహము రాత్రివేళ ఎఱ్ఱని చుక్కవలె కానవచ్చును. జాతకములు చూచువారికి ఆ పేరు వినగానే దోషము, శాంతి జ్ఞప్తికి వచ్చును. ఆ గ్రహముపై 2021వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన ఒక చిన్న యంత్రము నేల విడిచి, 3 మీటర్ల యెత్తునకు లేచి, కొంతసేపు గాలిలో నిలిచి, మరల పదిలముగా దిగినది. అంతయు 39 సెకండ్ల పని. అయినను మరియొక గ్రహముపై ఒక యంత్రము తన బలముచేత లేచి, తన్ను తాను నడపుకొనుచు ఎగురుట అదియే ప్రథమము. దాని చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ఇట్టి వార్త విన్నంతనే మనలో కొందఱు పుష్పకవిమానమును తలచి, ఇది మనవారికి ఎప్పుడో తెలిసినదే యందురు. పుష్పకము కవి మనోరథము. యజమాని తలంచిన చోటికి అది పోయెడిది. నేను చెప్పబోవునది లెక్కలతోను, లోహముతోను, పదేండ్ల యోర్పుతోను తయారైన వస్తువు. రెండింటిని కలుపుట కావ్యమునకును న్యాయము కాదు, శాస్త్రమునకును న్యాయము కాదు.

అన్యగ్రహముల గాలిలో మానవుని వస్తువులు తేలుట అంతకు ముందును కలదు. 1985వ సంవత్సరము జూన్ మాసమున సోవియట్టు దేశమువారు వేగా యను రెండు నౌకలనుండి శుక్రగ్రహపు మేఘములలోనికి రెండు బెలూనులను విడిచిరి. అవి నేలకు సుమారు 54 కిలోమీటర్ల యెత్తున, ఒక్కొక్కటి రెండు దినములకు కొంచెము తక్కువగా, గాలివాటున కొట్టుకొనిపోయి, అచటి గాలి వేగమును, వేడిమిని తెలిపినవి. కాని గాలి తీసికొనిపోయిన చోటికి పోవుట వేఱు. తాను ఎంచుకొన్న చోటికి ఎగిరిపోవుట వేఱు.

ఈ రెండవ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు బాబ్ బలరామ్ గారు. ఆయన దక్షిణ భారతదేశమున పెరిగినవారు. మన మదనపల్లె దాపుననున్న ఋషివ్యాలీ పాఠశాలలో చదివినవారు. 1960 ప్రాంతపు దశాబ్దములో ఆ బాలునకు ఆకాశయానముపై గల మక్కువను చూచి, బంధువులలో పెద్ద యొకరు అమెరికా కాన్సులేటు కార్యాలయమునకు ఉత్తరము వ్రాసిరి. కొన్నాళ్లకు పుస్తకములతో నిండిన లావుపాటి కవరు వచ్చినది. చంద్రునిపై మనుష్యుడు దిగిన వార్తను ఆ బాలుడు రేడియోలోనే వినెను. పిదప మద్రాసులోని ఐ.ఐ.టి.యందును, అమెరికాయందును చదివి, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో ఇంజనీరుగా చేరెను.

1990 తరువాతి దశాబ్దములో కుజునిపై ఎగురు యంత్రము చేయవచ్చునని ఆయన తోడివారితో ఒక ప్రణాళిక వ్రాసి పంపెను. ద్రవ్యము మంజూరు కాలేదు. ఆ కాగితములు సుమారు 15 ఏండ్లు అటకెక్కినవి. తరువాత ఆ సంస్థ అధిపతి చార్లెస్ ఎలాచీ గారు ఒక సభలో చిన్న విమానముల ప్రదర్శనము చూచి వచ్చి, ఇట్టివి కుజునిపై ఏల వాడరాదని యడుగగా, పాత కాగితములు మరల వెలికి వచ్చినవి.

కుజునిపై ఎగురుట ఏల కష్టమో చెప్పెదను. ఱెక్క గాలిని క్రిందికి నెట్టును. ఆ నెట్టుడే యంత్రమును పైకి లేపును. కుజునిపై గాలి మన నేలమీది గాలిలో నూటికి ఒక వంతు సాంద్రత గలది. నెట్టుటకు గాలియే చాలనప్పుడు లేచుటెట్లు? అచటి ఆకర్షణశక్తి మనదానిలో మూడవ వంతునకు కొంచెము పైగా నుండుట ఒక్కటే మేలు. కావున యంత్రమును 1.8 కిలోల బరువునకు కుదించిరి. 1.2 మీటర్ల పొడవు గల ఱెక్కలజంటలను రెండింటిని ఒకదానిపై నొకటి అమర్చి, నిమిషమునకు సుమారు 2400 చుట్లు, ఎదురెదురు దిక్కులకు తిరుగునట్లు చేసిరి. ఒకే దిక్కునకు తిరిగినచో యంత్రశరీరము ఎదురుదిక్కునకు గిరగిర తిరుగును.

అంతకంటె పెద్ద చిక్కు దూరము. రేడియో సంకేతము వెలుతురు వేగముతో పోవునదియైనను, ఆనాడు కుజుని చేరుటకు 15 నిమిషములకు పైగా పట్టెను. 39 సెకండ్లలో ముగియు పనిని ఇచటనుండి చేయిపట్టి నడుపుట యెట్లు? యంత్రము ఎగిరిన వార్త మనకు చేరునప్పటికి అది దిగి చాలసేపైయుండును. కావున నేర్పవలసిన దంతయు ముందే నేర్పి విడువవలసివచ్చెను. క్రిందివైపు చూచు ఒక కెమేరా నేలను మాటిమాటికి చిత్రించును. ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును రాళ్ల గుర్తులు ఎంత జరిగినవో చూచుకొని, తాను ఎటు, ఎంత పోవుచున్నదో యంత్రమే లెక్కించుకొనును. దారి ఎఱుగని బాటసారి చెట్టును, గుట్టను గుర్తుపెట్టుకొని నడచు రీతి యిది.

దానికి ఇంజెన్యూటీ యని పేరిడిరి. యుక్తి యని మనము చెప్పవచ్చును. పర్సెవరెన్సు, అనగా పట్టుదల, అను పేరుగల బండి కడుపున కట్టబడి అది 2021 ఫిబ్రవరి 18న కుజునిపై దిగెను. 1903వ సంవత్సరము డిసెంబరు 17న రైటు సోదరులు తొలిసారి ఎగిరిన విమానపు ఱెక్కగుడ్డనుండి తీసిన చిన్న ముక్కను ఇంజెన్యూటీకి చుట్టి పంపిరి. ఆనాటి తొలి యెగురుట 12 సెకండ్లు మాత్రమే.

ఐదుమార్లు ఎగిరిన చాలునని దానిని చేసిరి. అది 72 మార్లు ఎగిరెను. ఆఱవ మారు ఒక చిత్రము తప్పిపోవుటచే తరువాతి చిత్రముల కాలములు తాఱుమాఱై, గాలిలో ఊగిసలాడి, ఎట్టకేలకు భద్రముగా దిగెను. పిదప బండికి ముందుగా పోయి దారి చూచు పనియు చేసెను. మొత్తముమీద రెండు గంటలకు పైగా గాలిలో నుండి, సుమారు 17 కిలోమీటర్లు తిరిగెను.

2024 జనవరి 18న అది కడపటిసారి లేచెను. దిగునప్పుడు ఱెక్కలు విరిగెను. శక్తి ఉడిగి పడిపోలేదు. ఆ చోట నేల యంతయు అలలు తీర్చిన మెత్తని యిసుక. రాళ్లులేవు, గుర్తులులేవు. గుర్తు కానక, తన వేగమును సరిగా లెక్కింపలేక, అది నేలను గట్టిగా తాకినదని విచారించినవారు తేల్చిరి. నేర్పినది అంతయు గుర్తులున్న నేలకే. గుర్తులులేని నేలకు ఆ పాఠము చాలలేదు.

మీలో కొందఱడుగవచ్చును: దీనిని చేయుటకు 8 కోట్ల డాలర్లు వ్యయమైనదట, త్రాగునీటికి కరవైన యూళ్లుండగా ఇది ఏల? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఏ దేశమైనను రెండింటిని తూచియే వ్యయము చేయవలెను. కాని యీ వ్యయము గాలిలో కలిసిపోలేదు. ఎనిమిది ఱెక్కల డ్రాగన్‌ఫ్లై యను పెద్ద యంత్రమును శనిగ్రహపు ఉపగ్రహమగు టైటానుకు పంపుటకు అమెరికావారు సిద్ధపరచుచున్నారు. అన్యలోకమున ఎగురవచ్చునని ముందు చూపినది ఈ చిన్న యంత్రమే.

ఇక నాకు దీనియందు కనబడిన ముఖ్యాంశము వేఱొకటి. 15 ఏండ్లు అటకనున్న కాగితము చెడిపోలేదు. దానికి వెనుక, ఒక పిల్లవాని కుతూహలమును నవ్వి త్రోసివేయక, కాగితము, కలము తీసికొని ఉత్తరము వ్రాసిన పెద్ద యొకరున్నారు. ఆ పెద్ద విమానము చేయలేదు. ఒక తపాలాబిళ్ల అంటించెను. మీ యింటి పిల్లలు మీకు తెలియని దానిని అడిగినప్పుడు, తెలిసినవారికి వ్రాసి యడుగుటకు మీరును వెనుదీయకుందురు గాక.