ఏడాదికి అయిదు కచేరీలు

మా చెల్లెలి కూతురు అమెరికాలో వుంటుంది. మొన్న అక్కణ్ణించి వచ్చినవాళ్లు, అది పంపిన చాక్లెట్ల పొట్లంతో పాటు ఓ రంగుల కరపత్రం కూడా ఇచ్చి వెళ్లారు. మావారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదో పెళ్లి శుభలేఖలా వుందే" అన్నారు. తీరా కళ్లజోడు పెట్టుకుని చదివితే, అది వాళ్ల వూరి సింఫనీ ఆర్కెస్ట్రా వచ్చే సంవత్సరంలో ఇవ్వబోయే కచేరీల పట్టిక. మా పిల్ల అందులో వయొలిన్ వాయిస్తోంది.

చిన్నప్పుడు మా వెనక వీధి మాస్టారి దగ్గర సరళీ స్వరాలతో మొదలుపెట్టి వర్ణాల దాకా వచ్చిన పిల్ల. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, ఎదురుగా కాగితాలు పెట్టుకుని, చూసి వాయిస్తోందట. "వయొలిన్ కొసని పాదం మీద ఆనించుకుని నేలమీద కూర్చుంటే ఇక్కడందరూ వింతగా చూస్తారు పెద్దమ్మా. గడ్డం కింద పెట్టుకుని వాయించడం అలవాటవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది" అని కరపత్రం వెనక రాసింది.

ఆ ఆర్కెస్ట్రాలో జీతాలు పుచ్చుకునే వాద్యకారులు లేరు. బడిపంతుళ్లు, ఓ పళ్ల డాక్టరు, బ్యాంకు గుమాస్తా, రిటైరయిన నర్సు... పగలంతా ఎవరి వుద్యోగాలు వాళ్లు చేసుకుని, వారానికో సాయంత్రం హైస్కూలు హాల్లో కలుస్తారు. ముందుగా ఓబో అనే వూదే వాద్యం ఒక్క స్వరం పలుకుతుంది. మిగతా అందరూ దానికి తమ వాద్యాలు శ్రుతి చేసుకుంటారు. మనకి తంబురా ఎలాగో వాళ్లకి ఆ స్వరం అలాగన్నమాట. ఆ తర్వాత వాయించిందే వాయించడం, ఆగడం, మళ్లీ వాయించడం. చలికాలం రాకముందు మొదలుపెడితే మళ్లీ ఎండలు వచ్చేవరకు ఇదే వరస. దాన్నే వాళ్లు 'సీజన్' అంటారు.

నేను తేదీలు లెక్కపెట్టాను. అయిదు!

ఇంతమంది, ఇన్ని నెలలు శ్రమపడి చివరికి అయిదు కచేరీలేనా అనిపించింది. మన వూళ్లలో శ్రీరామనవమి పందిట్లో తొమ్మిది రోజులకి తొమ్మిది కచేరీలు జరుగుతాయి కదా! అంతలోనే ఆ 'అయిదు' అన్న అంకె ఎక్కడో విన్నట్టనిపించింది. ఓ ఆడమనిషి ఆ అంకె చెబుతూ మాటలు తడబడి ఆగిపోవడం నేను చూశాను, ఓ డాక్యుమెంటరీ సినిమాలో. ఆవిడ పేరు ఆంటోనియా బ్రికో.

ఆవిడ కండక్టరు. కండక్టరంటే మనకి బస్సే జ్ఞాపకం వస్తుంది. ఈ కండక్టరు కూడా ఓ రకంగా అంతే, బండి తాను నడపకపోయినా బయల్దేరమని, ఆగమని చెప్పేది తానే. ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభైమంది వుంటే ఎవరి ముందు వాళ్లు వాయించవలసిన కాగితమే వుంటుంది. పక్కవాళ్లేం వాయిస్తారో అందులో వుండదు. అన్ని వాద్యాల వరసలూ ఒకదాని కింద ఒకటిగా రాసిన పెద్ద పుస్తకం కండక్టరు ఒక్కరి ముందే వుంటుంది. ఎవరు ఎప్పుడు అందుకోవాలి, ఎక్కడ తగ్గాలి, ఎక్కడ వేగం పెరగాలి, అన్నీ ఆ చేతి కదలికలోనే. విచిత్రమేమిటంటే, స్టేజీ మీద చప్పుడు చెయ్యని మనిషి ఆ ఒక్కరే.

ఆంటోనియా 1902లో హాలెండు దేశంలో, రోటర్‌డామ్‌లో పుట్టింది. పెంచుకున్నవాళ్లు ఆమెకు విల్‌హెల్మీనా అని పేరు పెట్టి, 1908లో కాలిఫోర్నియా తీసుకెళ్లారు. వాళ్లింట్లో ఆమె బాల్యం సుఖంగా గడవలేదు. ఎప్పుడూ గోళ్లు కొరుక్కునేదట. డాక్టరు ఆ అలవాటు మానడానికి పియానో నేర్పించమన్నాడు. వేళ్లకి వేపనూనె రాయడం తప్ప మనకి తోచని వైద్యం! ఆ మందు బాగానే పనిచేసినట్టుంది.

1923లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసింది. తన అసలు పేరు తిరిగి పెట్టుకుంది. కండక్టరు కావాలని జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లోని ప్రభుత్వ సంగీత అకాడమీలో ఆ విద్యకి సంబంధించిన పైతరగతి 1929లో ముగించింది. అది ముగించిన మొదటి అమెరికన్ ఆమే. కార్ల్ ముక్ అనే పేరుపడ్డ కండక్టరు దగ్గర శిష్యరికం చేసింది. 1930లో, ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ముందు కర్ర పట్టుకుని నిలబడింది. అదే ఏడు కాలిఫోర్నియాలోని హాలీవుడ్ బౌల్‌లో కచేరీ నడిపింది. ఇలాంటి ఆరంభం చూస్తే ఇక ఆ పిల్లకి తిరుగులేదనుకుంటాం కదూ?

1933లో న్యూయార్కులో ఆమెకు మూడు కచేరీలు వచ్చాయి. అమెరికా అంతా ఆర్థికమాంద్యంలో వున్న రోజులవి. పనుల్లేని వాద్యకారులతో ఏర్పాటయిన ఆర్కెస్ట్రా అది. రెండు కచేరీలు చక్కగా జరిగాయి. మూడోదానిలో పాడవలసిన జాన్ ఛార్లెస్ థామస్ అనే గాయకుడు, ఆడది నడిపితే పాడనన్నాడు. జనం చూపులన్నీ తనని వదిలి ఆవిడ మీదికి పోతాయని ఆయన భయం! మూడో కచేరీ ఆమె చేతికి రాలేదు.

ఆయన్ని చూసి మనం మరీ నవ్వుకోనక్కర్లేదు. మన కర్ణాటక సంగీతంలో పాల్ఘాట్ మణి అయ్యర్ గారంతటి విద్వాంసులు చాలాకాలం స్త్రీల కచేరీలకి మృదంగం వాయించలేదు. డి.కె. పట్టమ్మాళ్ గారికి వాయించడంతో ఆ పట్టు సడలింది. ఆవిడ విద్వత్తు అలాంటిది. కానీ పట్టు సడలడానికి ఓ ఆడమనిషికి ఎంత విద్వత్తు వుండాలో చూడండి!

ఆంటోనియా వూరుకోలేదు. 1934లో పూర్తిగా ఆడవాళ్లతోనే ఆర్కెస్ట్రా పెట్టింది. ఆడవాళ్లు వయొలిన్, హార్ప్ లాంటి 'నాజూకు' వాద్యాలకే పనికొస్తారు, ట్రాంబోన్లు వూదడానికీ, పెద్ద నగారాలు కొట్టడానికీ వాళ్లకి బలమెక్కడిదని అనే రోజుల్లో, అవన్నీ ఆడవాళ్ల చేతే వాయించింది. ప్రెసిడెంటు భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా వీళ్లకి వెన్నుదన్నుగా నిలిచింది. 1938 వేసవిలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ని నడిపిన మొదటి స్త్రీ అయింది ఆంటోనియా. ఆ మరుసటేడు తన ఆర్కెస్ట్రాలోకి మగవాళ్లని కూడా తీసుకుంది. బయట ఆడా మగా కలిసి బతుకుతున్నప్పుడు సంగీతంలో వేరువేరుగా ఎందుకు కూర్చోవాలని ఆమె వాదన. న్యాయమైన వాదనే. కానీ అందరూ ఆడవాళ్లే అన్న వింత పోయేసరికి ఆదరించేవాళ్లూ తగ్గారు. అది ఎక్కువకాలం నిలవలేదు. ఆడవాళ్లు వాయించే సంగీతం వినడానికి వచ్చారా, వాయించే ఆడవాళ్లని చూడడానికి వచ్చారా అని నాకో సందేహం.

1942లో ఆమె కొండల మధ్య వున్న డెన్వర్ నగరానికి మకాం మార్చింది. అక్కడి పెద్ద ఆర్కెస్ట్రాకి కండక్టరు కావాలని ఆశ. 1945లో ఆ పదవి సాల్ కాస్టన్ అనే ఆయనకు ఇచ్చారు. ఆడమనిషి కావడమే తనకు అడ్డమయిందని ఆంటోనియా తర్వాత చెప్పుకుంది. పొట్టపోసుకోవడానికి పిల్లలకు పియానో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1948లో ఆ వూరి ఔత్సాహికుల ఆర్కెస్ట్రా ఒకటి ఆమె చేతికి వచ్చింది. మా చెల్లెలి కూతురు వాయిస్తోందే, అలాంటిదే. దాని పేరేమిటో తెలుసా? డెన్వర్ బిజినెస్‌మెన్స్ ఆర్కెస్ట్రా! 'వ్యాపారస్తులైన మగవాళ్ల' ఆర్కెస్ట్రాని ఇరవై ఏళ్లు ఓ ఆడమనిషి నడిపించింది. 1968లో గానీ దానికి ఆమె పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

మధ్యలో ఫిన్లండు నుంచి సిబేలియస్ మహాశయుడే స్వయంగా పిలిస్తే, హెల్సింకీ వెళ్లి ఆయన రచనల్ని నడిపించి వచ్చింది. తిరిగొచ్చాక షరా మామూలే. పియానో పాఠాలు, వారం వారం రిహార్సళ్లు, ఏడాదికి అయిదు కచేరీలు. నెలకి అయిదు చేసే శక్తి తనకి వుంటే ఏడాదికి అయిదు చేస్తున్నానని ఆ సినిమాలో ఆమె అంటుంది. అంతవరకూ చలాకీగా, నవ్వుతూ మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారిగా మారిపోతుంది. రోజూ ఆ దుఃఖాన్ని పైకి కనపడనివ్వకుండా బతుకుతున్నానంటుంది.

అది చూస్తుంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. పెళ్లికి ముందు వీణ బాగా వాయించేదట. అత్తవారింట వీణ అటకెక్కింది. వద్దని ఎవరూ అనలేదు, వాయించమని మాత్రం ఎవరూ అనలేదు. ఉమ్మడి కుటుంబం, పద్నాలుగుమందికి వంట. అయినా మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ, పీటమీద కూర్చుని తొడమీద వేళ్లు ఆడిస్తూ, పెదవి కదపకుండా లోలోపల కృతులు చెప్పుకునేది. నేను చిన్నపిల్లగా వున్నప్పుడు, "ఏం చేస్తున్నావత్తా?" అంటే "తోడి" అనేది. తన మనవరాలు పుట్టాక ఓ నవరాత్రులకి, బొమ్మల కొలువు ముందు వాయించడానికి ఆ వీణ కిందికి దిగింది. తీగెలు మార్చాల్సివచ్చింది కానీ చెయ్యి మాత్రం పోలేదు.

మా అత్తకి ఆ తొడ అయినా వుంది. పాడేవాళ్లకి గొంతు వుంది, పొయ్యి ముందయినా పాడుకోవచ్చు. రాసుకునే నాకు, పిల్లలు పడుకున్నాక భోజనాల బల్లమీద ఓ నోటుపుస్తకం చాలు. నా మొదటి నవల అలాగే పూర్తయింది. కానీ కండక్టరుకి వాద్యం ఏమిటి? ఎనభైమంది మనుషులు. వాళ్లొచ్చి ఎదురుగా కూర్చోకపోతే ఆవిడ విద్య ఆవిడకే వినపడదు. రాత్రంతా ఆ పెద్ద పుస్తకం చదువుకోవచ్చు, అన్ని వరసలూ మనసులో వినవచ్చు. గదిలో ఒక్కతే నిలబడి చేతులాడిస్తే మాత్రం గాలి తప్ప ఏం కదులుతుంది? ఎవరో పిలవాలి, ఎవరో హాలు ఇవ్వాలి, ఎవరో మనుషుల్ని కూర్చోబెట్టాలి. ముప్ఫయ్యేళ్లు ఆమెని ఆ 'ఎవరో' తలుచుకోలేదు.

అందుకే ఆ బిజినెస్‌మెన్స్ ఆర్కెస్ట్రాని తక్కువ చేసి మాట్లాడబుద్ధి కాదు. వాళ్లు గొప్ప వాద్యకారులు కాకపోవచ్చు. కానీ పగలంతా పనిచేసి అలిసిపోయి కూడా, సాయంత్రం వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు ఇవ్వని అయిదు సాయంత్రాలు ఏటేటా ఇచ్చింది వాళ్లే.

ఆమె పియానో శిష్యుల్లో జూడీ కాలిన్స్ అనే అమ్మాయి వుండేది. పదమూడేళ్లకే ఆంటోనియా ఆర్కెస్ట్రాతో కలిసి మోట్సార్ట్ రచన వాయించింది. ఇక ఈ పిల్ల తన అంతటిది అవుతుందని గురువుగారు మురిసిపోతుండగా, ఆ పిల్ల కాస్తా పియానో మూసేసి, గిటారు పట్టుకుని జానపదగీతాలవైపు వెళ్లిపోయింది! దేశమంతా పేరుమోగిన గాయని అయ్యాక కూడా, గురువు ఆమె కచేరీకి వచ్చి ఆ చేతుల్ని పట్టుకుని చూసి, నువ్వు ఎంతో పైకి రావలసినదానివి సుమా అని నొచ్చుకుందట. ఈ సంగతి జూడీయే నవ్వుతూ చెబుతుంది. ఆ శిష్యురాలే జిల్ గాడ్‌మిలో అనే మరో స్త్రీతో కలిసి, 1974లో గురువుగారి మీద ఆ డాక్యుమెంటరీ తీసింది. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 2003లో అమెరికా ప్రభుత్వం భద్రపరచవలసిన సినిమాల పట్టికలో చేరింది.

సినిమా వచ్చాక పిలుపులు మొదలయ్యాయి. 1975లో, డెబ్బయి మూడేళ్ల వయసులో, న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో జరిగే మోట్సార్ట్ ఉత్సవంలో కచేరీ నడిపింది. టిక్కెట్ల కోసం జనం విరగబడ్డారు. ముప్ఫయి ఏళ్ల కిందట చేసినట్టే చెయ్యగలిగిందట. సంతోషమే. కానీ ఆ మధ్య ముప్ఫయ్యేళ్లలో వినిపించవలసిన సంగీతం ఎక్కడుంది? రికార్డులో లేదు, పుస్తకంలో లేదు. అది అసలు పుట్టనే లేదు.

1980ల మధ్య దాకా ఆమె తన ఆర్కెస్ట్రాని వదల్లేదు. అది ఈనాటికీ డెన్వర్ ఫిల్‌హార్మోనిక్ అన్న పేరుతో నడుస్తోంది. 1989లో ఆంటోనియా కన్నుమూసింది. ఆమెకి అందని ఆ పెద్ద ఆర్కెస్ట్రా కూడా డబ్బు లేక అదే ఏడాది మూతపడి, కొలరాడో సింఫనీ అన్న కొత్త పేరుతో మళ్లీ లేచింది. 1993లో దాన్ని నడపడానికి మేరిన్ ఆల్‌సప్ అనే యువతిని పిలిచారు.

కరపత్రం చివరిపేజీలో చిన్న అక్షరాల్లో కండక్టరు పేరు వుంది. ఆడపేరే. రాత్రి మా పిల్ల ఫోన్ చేసినప్పుడు, "ఏమే, మీ కండక్టరు ఆడమనిషా? ముందే చెప్పలేదేం?" అన్నాను.

"అవును పెద్దమ్మా. అయితే ఏం?" అంది అది, నిజంగానే అర్థంకాక. ఆంటోనియా కథ చెప్పబోయాను. ఈలోగా దానికి వేరే కంగారు. మొదటి కచేరీ అక్టోబరులో వుందట. స్టేజీ మీద అందరూ నల్లబట్టలే వేసుకోవాలట. తను మాత్రం చీరే కట్టుకుంటానందిట, సరేనన్నారట. జరీ మెరవకుండా, అచ్చంగా నల్లటి పట్టుచీర ఒకటి చూసి పంపమంది. "శుభమా అని కచేరీ చేస్తూ నల్లచీరేమిటే!" అని వాళ్లమ్మ పక్కనుంచి గోలపెడుతోంది.

రెండు రోజులుగా కొట్లు తిరుగుతున్నాను. సన్నటి జరీ అయినా లేని నల్లపట్టు ఇంకా దొరకలేదు.