ఖుక్రీ నౌకాధిపతి మహేంద్రనాథ ముల్లా

మహాసభా సంచికలయందు వీరచరిత్రములు ప్రకటించుట మనలో వాడుక. వానిలో శత్రువును జయించినవాని కథయే తరచుగా కానవచ్చును. నేడు వ్రాయబూనినది ఓడ మునిగిన నాయకుని కథ. ఓటమినాటి ధైర్యమునకు పతకమేలయని సందేహించు పాఠక మహాశయులు దయతో తుదివరకు చదువుదురుగాక.

ముల్లా 1926వ సంవత్సరము మే 15వ తేదీన గోరఖపురమున జన్మించెను. 1948లో భారత నౌకాదళమున అధికారియయ్యెను. 1971 నాటికి నలువదియైదేండ్ల వయస్సున ఖుక్రీ యను ఫ్రిగేటునకును, దానితోడి నౌకలకును నాయకుడై యుండెను.

ఆ సంవత్సరము డిసెంబరులో పాకిస్తానుతో సంభవించిన యుద్ధము సముద్రముపై మనకు శుభముగనే ఆరంభమయ్యెను. 3వ తేదీ రాత్రి తెల్లవారులోపల ఘాజీ యను జలాంతర్గామి మన విశాఖపట్టణపు రేవుముంగిట మునిగెను; ఆ ఘట్టమున రాజపుత్ర నౌకను నడపిన ఇందరుసింగునకు వీరచక్రము లభించెను. మరునాటి రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ యెదుట శత్రునౌకలను ముంచినవి. అయినను హంగోరు అను మరియొక జలాంతర్గామి పశ్చిమతీరమున పొంచియున్నదని తెలియగా, దానిని వేటాడుటకై ఖుక్రీయు, దాని తోడునౌక కిర్పానును బొంబాయినుండి బయలుదేరినవి.

ఈ వేట సమానుల నడుమ జరిగినది కాదు. హంగోరు ఫ్రాన్సుదేశమున నిర్మితమైన క్రొత్త పడవ. నీటిలోని చప్పుళ్లను అది వినగల దూరము మన ఓడలు వినగల దూరముకంటె మిక్కిలి హెచ్చు. పైగా ఖుక్రీయందు సోనారు శక్తిని పెంచు నూతన పరికరమొకటి పరీక్షింపబడుచుండెను. దానికొరకు ఓడ మెల్లగా నడువవలసివచ్చెను. జలాంతర్గామి తిరుగు చోట మెల్లగా నడచుట యెంత యపాయమో నావికులెల్లరు నెరుగుదురు. ఈ విషయమై తరువాతికాలమున నౌకాధికారులలోనే తీవ్రమైన వాదములు చెలరేగినవి. వానిని కప్పిపుచ్చుట మనకు తగదు. కాని యా వాదము టార్పెడో తగులుటకు పూర్వపు గంటలకు సంబంధించినది. పతకమో, తరువాతి కొలది నిమిషములకు సంబంధించినది.

డిసెంబరు 9వ తేదీ రాత్రి, డయ్యూ తీరమునకు సుమారు నలువది నాటికల్ మైళ్ల దూరమున, హంగోరు విడిచిన మొదటి టార్పెడో కిర్పాను క్రిందుగా పేలకయే పోయెను. రెండవది ఖుక్రీ యడుగున ప్రేలెను. ఓడ నిలువదని గ్రహించిన ముల్లా దానిని విడువుడని యాజ్ఞాపించి, తన ప్రాణమును లెక్కసేయక, తొట్రుపాటు లేక, నావికులను నీటిలోనికి దింపు పనిని స్వయముగా నడపెను. తన ప్రాణరక్షక కవచమును ఒక నావికునికిచ్చివేసెను. పిదప, ఇంకెవరినైన కాపాడవచ్చునేమో చూచుటకై నాయకస్థానమునకు తిరిగిపోయెను. ఓడతోకూడ మునుగుచుండగా చూచినదే ఆయనను కడపటిసారి చూచుట. నాయకుడు ఓడతో మునుగవలెనను శాసనమేదియు లేదు. ఆయన దిగివచ్చియుండినను తప్పుపట్టువారు లేకుందురు.

కొలది నిమిషములలో అంతయు ముగిసెను. పదునెనమండుగు రధికారులును, 176 మంది నావికులును మృతినొందిరి. బ్రతికినవారిని మరునాడు మన నౌకలు తెచ్చినవి. స్వాతంత్ర్యానంతరము యుద్ధమున శత్రువుచేత మునిగిన భారత యుద్ధనౌక ఇదియొక్కటియే.

ముల్లాకు మరణానంతరము మహావీరచక్రము ప్రసాదింపబడెను. పరమవీరచక్రమునకు తరువాత, యుద్ధమునందలి శౌర్యమునకు మనదేశమిచ్చు రెండవ గౌరవమిదియే. గుండ్రని వెండిపతకముపై అయిదుకొనల నక్షత్రము, దాని నడుమ బంగారుపూతగల రాజముద్ర యుండును. పట్టీ సగము తెలుపు, సగము నారింజవన్నె. ఆ సంవత్సరమున ఈ పతకమును జయించి తిరిగివచ్చిన నావికవీరులును కలరు. వారి వరుసలోనే, మునిగిన ఓడ నాయకుని పేరునకును చోటు దొరకెను.

డయ్యూలో సముద్రమునకు అభిముఖముగా ఖుక్రీ ప్రతిరూపముతో స్మారకమొకటి వెలసినది. 1989లో అదే నామముతో నౌకాదళమున చేరిన రెండవ ఖుక్రీ, ముప్పదిరెండేండ్లు సేవించి, 2021 డిసెంబరు 23వ తేదీన మన విశాఖపట్టణముననే విశ్రాంతి పొందెను. పిమ్మట దానిని డయ్యూకు చేర్చిరి.